కూటి కొఱకైన వేషము: ‘మిస్సమ్మ’ చిత్రమును గూర్చిన ఉపన్యాసము



గ్రంథాలయ రజతోత్సవ సభలో భారత భాగవతములను గూర్చియో, ప్రబంధములను గూర్చియో ప్రసంగించుట ఆచారము. అట్టి సభలో చలనచిత్రమును గూర్చిన ప్రసంగమేల యని కొందఱు పెద్దలకు సంశయము కలుగవచ్చును. సంశయము న్యాయమైనదే. దానికి సమాధానములు రెండు కలవు. చెప్పబోవు చిత్రము పుస్తకమునుండి పుట్టినదగుట మొదటిది. ఆ చిత్రమును చక్కగా చూచినవాడు చివఱకు మరల పుస్తకము కడకే రావలసియుండుట రెండవది. ఈ రెండవ మాట నిజమో కాదో ఉపన్యాసాంతమున సభవారే నిర్ణయింతురు గాక.

ఆ చిత్రము ‘మిస్సమ్మ’. 1955వ సంవత్సరము జనవరి 12వ తేదీన, సంక్రాంతి పండుగకు ముందు, విజయా సంస్థవారు దీనిని విడుదల చేసిరి. నిర్మాతలు బి. నాగిరెడ్డి, చక్రపాణి. దర్శకుడు ఎల్. వి. ప్రసాదు. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు. సంగీతము సాలూరి రాజేశ్వరరావు. నందమూరి తారకరామారావు, అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, జమున, ఎస్. వి. రంగారావు, ఋష్యేంద్రమణి, రేలంగి, రమణారెడ్డి మున్నగువారు పాత్రధారులు. నవ్వించుటకును, పాడించుటకును తీసిన చిత్రము. రాక్షసులు లేరు, మాయలు లేవు, కత్తియుద్ధములు లేవు. అయినను డెబ్బదియేండ్లు గడచిన పిమ్మటకూడ తెలుగిండ్లలో ఈ చిత్రము పేరు చెప్పినంతనే పెద్దల మొగములు వికసించుచున్నవి. ఇందులకు కారణమేమో విచారింపవలసియున్నది.

ముందుగా పేరును చూతము. మిస్సు అను ఆంగ్లపదమునకు అమ్మ అను తెలుగుపదము పరమగుచున్నది. ఉత్తునకు అచ్చు పరమగునపుడు సంధి యగును గనుక మిస్సమ్మ యైనది. వ్యాకరణము తెలియని పిల్లలుకూడ పాఠశాలలో ఈ సంధిని నిత్యము చేయుచునే యుండిరి. క్రైస్తవ మతప్రచారకుల బాలికా పాఠశాలలలో చదువు చెప్పు ఉపాధ్యాయినిని మనవారు పిలిచిన పిలుపది. పరభాషా గౌరవపదమును అక్కున జేర్చికొని, దానికి అమ్మ యను మాట తగిలించి, తమ యింటి పదమును చేసికొనిరి. భాషలో ఇంత సులభముగా కలిసిన ఈ సంధి సంఘములోకూడ కలియునా? చిత్రమంతయు నవ్వుల నడుమ అడుగుచున్న ప్రశ్న యిదియే.

ఈ ప్రశ్నకు తగిన ఊరు వెదుకబోయినచో సికింద్రాబాదును మించిన ఊరు కనబడుట కష్టము. 1806లో నిజాము సికందర్ జా పేర వెలసిన ఈ పట్టణము హుసేన్ సాగరమునకు ఉత్తరమున ఆంగ్లేయుల సైనిక శిబిరముగా పెరిగినది. 1813 నాటికే ఇచ్చట సెయింట్ జాన్స్ చర్చి కట్టబడినది. 1874లో రైలు వచ్చినది. పిదప లాలాగూడలో రైల్వే కర్మాగారము వచ్చినది. దానివెంట ఆంగ్లో ఇండియను కుటుంబములు, దక్షిణమునుండి తమిళులు, పడమటినుండి పారసీలు, మార్వాడీలు వచ్చి స్థిరపడిరి. ఆషాఢమాసమున ఉజ్జయినీ మహంకాళికి బోనములు పోవు వీధికి అనతిదూరముననే ఆదివారము చర్చి గంట మ్రోగును. అట్టి పట్టణముననే 1905లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము స్థాపింపబడి, తెలుగు చదువునకు ఆదరువు కరవైన కాలమున తెలుగు వెలుగును నిలిపినది. నేడు పల్లెపల్లెను గ్రంథాలయములు నడుపుచున్నవారు ఆ పూర్వుల ఋణమును మఱువరాదు.

పల్లెనుండి పాలు, కూరగాయలు తీసికొని సికింద్రాబాదు అంగడికి పోయినవారికి గౌను తొడిగిన దొరసాని యైనను, మోకాళ్లవఱకు చీరకట్టిన మేరీ యను ఆయా యైనను, మిస్సమ్మ యైనను వింతగా తోచినవారు కారు. బేరమాడిరి, క్షేమసమాచారములు అడిగిరి, పండుగకు పిండివంటలు ఇచ్చిపుచ్చుకొనిరి. అయితే ఒకే యింట కలిసి యుండవలసివచ్చినచో? ఒకే పంక్తిని భుజింపవలసివచ్చినచో? వియ్యమందవలసివచ్చినచో? అంగడిలో లేని చిక్కులు అరుగుమీద మొదలగును. చిత్రకథ సరిగా ఆ అరుగుమీదనే నడచుచున్నది.

కథను సంగ్రహముగా చెప్పవలెను. చదువు ముగించి ఉద్యోగము దొరకని యువకుడొకడు, పేరు రావు. అప్పులవారికి తలయొగ్గవలసిన క్రైస్తవ కుటుంబములోని పడుచు ఒకతె, పేరు మేరీ. డేవిడ్ అను పెద్దమనిషి ఆమె తండ్రికి అప్పిచ్చి, ఆ అప్పును సాకుగా పెట్టుకొని ఆమెను వివాహమాడ దలచినాడు. అప్పాపురమను గ్రామమున గోపాలమను జమీందారు నడుపు బడికి ఉపాధ్యాయులు కావలెనని ప్రకటన వెలువడినది. అయితే దంపతులే కావలెనట! రావునకు కూడు కావలెను, మేరీకి అప్పుతీఱవలెను. ఇరువురును దంపతులుగా నటించుటకు ఒడంబడిక చేసికొని, దేవయ్య అనువానిని పనివానిగా వెంటబెట్టుకొని అప్పాపురము చేరినారు. అచ్చటి జమీందారు దంపతులు పరమ సాధువులు. ఎన్నడో తప్పిపోయిన తమ పెద్దకూతురు మహాలక్ష్మి పేరనే ఆ బడి నడుపుచున్నారు. వచ్చిన పంతులమ్మను కన్నకూతురువలెను, పంతులును అల్లునివలెను చూచుకొనసాగినారు. అక్కడనుండి చిక్కులు మొదలైనవి.

లెక్కలు వ్రాయువారికి తెలియును: అప్పుకంటె వడ్డీ ప్రమాదకరమైనది. అసత్యమును అట్టిదే. మొదటి అబద్ధము చిన్నది, కూటికొఱకు ఆడినది. దానికి వడ్డీ ప్రతిదినమును పెరుగుచుండును. బొట్టు పెట్టుకొమ్మన్న ఇల్లాలికి ఒక అబద్ధము, అలిగిన మేరీని చూచి కారణమడిగిన జమీందారునకు మఱియొకటి, కూపీ లాగు మేనల్లుడు రాజునకు వేఱొకటి. ప్రేక్షకుడు నవ్వుచున్నంతసేపును రావు గుండె దడదడలాడుచునే యుండును. మేరీ మాట మఱింత కష్టము. ఆమెకు అబద్ధము సహింపదు, అందులోను తన దైవమును దాచవలసిన అబద్ధము బొత్తిగా సహింపదు. ఆమె చిఱచిఱలన్నియు చెడ్డ స్వభావమువలన కలిగినవి కావు, ఆత్మగౌరవమువలన కలిగినవి. సావిత్రి నటనలోని గొప్పదనమిదియే. ఆమె కోపము చూచి నవ్వుదుము గాని, ఆమెను చూచి నవ్వము.

ఇట వృద్ధులకు ఒక కథ జ్ఞప్తికి రాకమానదు. తిక్కన సోమయాజి భారత రచనకు ఉపక్రమించినది విరాటపర్వముతోనే గదా! పాండవులు పన్నెండేండ్ల వనవాసము ముగించి, పదుమూడవయేట పేర్లు మార్చుకొని విరాటుని కొలువున చేరినారు. ధర్మరాజు కంకుభట్టు, భీముడు వంటవాడైన వలలుడు, అర్జునుడు ఆటపాటలు నేర్పు బృహన్నల, ద్రౌపది సైరంధ్రి. మహారాజులు కూలికి కుదిరిరి. ఉన్నదానిని దాచి, లేనిదానిని చూపి, సంవత్సరకాలము అన్నము తినిరి. దానిని లోకము అసత్యమనలేదు, అజ్ఞాతవాసమనినది. మిస్సమ్మ కథకూడ ఇరువదవ శతాబ్దపు అజ్ఞాతవాసమే. పట్టము పుచ్చుకొన్న యువకులు పని దొరకక నగరవీధులలో తిరుగు కాలమున ఉదరపోషణార్థము వేషము మార్చినవారి కథ. బృహన్నల ఉత్తరకు నాట్యము నేర్పినట్లే, రావు జమీందారు రెండవ కూతురైన సీతకు సంగీతము నేర్పినాడు. గురువు శిష్యురాండ్ర నడుమ ఏదో యున్నదని లోకమునకు శంక కలుగుట విరాటుని కాలమునను తప్పలేదు, అప్పాపురమునను తప్పలేదు. ఉత్తరను వివాహమాడుమని విరాటుడు కోరగా అర్జునుడు ఆ శంకకు తావీయక, ఆమెను తన కుమారుడైన అభిమన్యునకు చేసికొన్నాడు. రావుకూడ గురుస్థానము తప్పలేదు.

ఇంకొక చిత్రమైన సంగతి కలదు. మిస్సమ్మ వచ్చిన ఎనిమిదేండ్లకు, 1963లో, విరాటపర్వకథయే ‘నర్తనశాల’ యను పేర చిత్రమైనది. అందు బృహన్నల తారకరామారావు, సైరంధ్రి సావిత్రి, కీచకుడు రంగారావు, ఉత్తరకుమారుడు రేలంగి. అనగా అప్పాపురములో దొంగదంపతులైనవారే విరాటనగరములో మారువేషములు వేసినారు. కన్నతండ్రివలె ఆదరించిన గోపాలమే కీచకుడైనాడు! ఆ కీచక పాత్రకుగాను రంగారావు జకార్తా చిత్రోత్సవమున ఉత్తమ నటుడుగా సమ్మానింపబడెను. ఒకే నటుని మొగము దయకును, దురాశకును అంతగా ఒదుగుట చూచినవారికి నటన యనగా నేమో బోధపడును.

కథ పుస్తకమునుండి పుట్టినదని ముందు చెప్పబడినది. వంగదేశమున రవీంద్రనాథ్ మైత్ర అను రచయిత ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ అను హాస్యనాటకము రచించెను. అది 1935లోనే వంగభాషలో చిత్రమైనది. చక్రపాణి వంగభాష నేర్చి, శరత్ బాబు నవలలను తెలుగునకు తెచ్చిన అనువాదకుడు. 1947లో నాగిరెడ్డితో గూడి ‘చందమామ’ పత్రికను వెలువరించినవాడు. అట్టివాని చేతిలో వంగకథ తెలుగుకథ యైనది. పాత్రల పలుకుబడి, అత్తగారి ఆదరము, భిక్షుకుని చమత్కారము, జమీందారు అమాయకత్వము అన్నియు మన పల్లె మట్టి వాసన వేయును. ఇతర భాషా గ్రంథమును తన భాషలో పండించుటెట్లో తెలిసికొనగోరు యువ రచయితలకు ఇదియొక పాఠము. నాడు తిక్కనాదులు సంస్కృతమును తెనిగించిన త్రోవ యిదియే గదా!

చిత్రనిర్మాణములోనే ఒక మలుపు సంభవించినది. మేరీ పాత్రకు మొదట ఎన్నిక చేయబడినది భానుమతి. కొంతభాగము తీయబడినదికూడ. నిర్మాతలకును ఆమెకును పొత్తు కుదరక ఆమె తప్పుకొన్నది. అంతవఱకు చెల్లెలు సీత పాత్రకు కుదిరిన సావిత్రి మేరీ యైనది, సీత పాత్ర జమునకు దక్కినది. చెల్లెలు కావలసినది అక్క యైనది. ఆ యొక్క మార్పు తెలుగు చిత్రసీమకు ఒక మహానటి నిచ్చినదని చెప్పుట అతిశయోక్తి కాదు. నాగేశ్వరరావు మాటయు అట్టిదే. 1953లో దేవదాసుగా ఆంధ్రదేశమును ఏడ్పించిన నటుడు, విషాదపాత్రలకే కట్టుబడిపోకుండుటకై, కథానాయకుని పాత్ర కానిదైనను, ఈ అపరాధపరిశోధకుని హాస్యపాత్రను స్వీకరించెను. స్థానమునకంటె పనిని పెద్దగా చూచినవారి వినయము నేటివారికి అనుసరణీయము.

తెలుగుతోపాటే ఈ చిత్రము తమిళమునను తయారైనది. అందు కథానాయకుడు జెమినీ గణేశన్, మేరీ సావిత్రియే. 1957లో హిందీలో ‘మిస్ మేరీ’ యను పేర మీనాకుమారి, జెమినీ గణేశన్, కిశోర్ కుమార్ నటింపగా ఎల్. వి. ప్రసాదే దర్శకత్వము వహించెను. ఈ మూడు భాషలును సికింద్రాబాదు వీధులలో నిత్యము వినబడు భాషలే. ఒకే కథ మూడు భాషలవారిని నవ్వించినదన్నచో, ఆ నవ్వునకు మూలము మాటల చమత్కారము మాత్రమే కాదనియు, మనుష్య స్వభావమనియు తెలియుచున్నది.

నవ్వును గూర్చి భరతముని చేసిన విభాగము ఇట స్మరింపదగినది. హాస్యము స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని ఆఱు విధములు. మొదటి రెండు ఉత్తములవి, నడిమి రెండు మధ్యములవి, చివరి రెండు అధములవి. కన్నులు చెమర్చి, భుజములు కదలి, ప్రక్కలు పట్టుకొని నవ్వు నవ్వు కడపటి తరగతికి చెందినది. మిస్సమ్మలో అట్టి నవ్వు కొలదియే. చిత్రమంతయు స్మిత హసితములతోనే నడచును. ఎవని అంగవైకల్యమును చూపి నవ్వింపలేదు, ఎవని కులమును దూషించి నవ్వింపలేదు, ఎవని మతమును ఎత్తిపొడిచి నవ్వింపలేదు. మేరీమాతను కరుణింపుమని వేడు ప్రార్థనాగీతమును పౌరాణిక రచనలో దిట్టయైన పింగళి ఎంత భక్తితో వ్రాసెనో, పి. లీల అంత ఆర్ద్రతతో పాడినది. మేరీ మ్రొక్కుచున్నపుడు ప్రేక్షకులలో ఎవడును నవ్వడు. హాస్యచిత్రమున ఎచ్చట నవ్వరాదో తెలిసినవాడే ఉత్తమ హాస్యరచయిత.

పాటల విషయమున పెక్కు మాటలు అనవసరము. ఏ. ఎం. రాజా, లీల, సుశీల పాడిన పాటలు నేటికిని జనుల నోళ్ల నానుచున్నవి. బృందావనమును గూర్చిన పాట శుద్ధసావేరి రాగచ్ఛాయలో సాగును. హిందీ చిత్రమునకు హేమంతకుమారుడు సంగీతకర్త యైనను ఆ వరుస నొకదానిని మార్పక నిలుపుకొనిరి. ఇక చందమామతో మొరపెట్టుకొను యుగళగీతము కలదు. భార్యాభర్తలు కాని దంపతులు వెన్నెలలో ఒకరిమీద నొకరు చంద్రునకు పితూరీ చెప్పుకొను ఘట్టమది. పితూరీ చెప్పుచునే ప్రేమలో పడుదురు. ఆ వెన్నెలను ఛాయాగ్రహణము చేసినవాడు మార్కస్ బార్ట్లే. ‘విజయావారి వెన్నెల’ యని లోకము మెచ్చిన వెన్నెల అతనిదే. అతడు ఆంగ్లో ఇండియను. తెలుగువారు తమ వెన్నెల యని మురిసిపోయిన వెన్నెలను సృజించినది లాలాగూడ రైలు బంగళాలలోని కుటుంబములవంటి ఒక కుటుంబములో పుట్టినవాడు. పేరులోని సంధి తెఱవెనుకనే నెరవేరియుండెనని దీనివలన తెలియుచున్నది.

ఇక దేశాంతరపు మాట కొంత చెప్పవలెను. రెండవ ప్రపంచ యుద్ధము 1945లో ముగియునప్పటికి జర్మనీ నగరములు పెక్కు శిథిలములై యుండెను. అట్టి దేశమున 1950లో హాన్స్ డెప్పె అను దర్శకుడు ‘ష్వార్ట్స్‌వాల్డ్‌మేడెల్’ అను సంగీత హాస్యచిత్రమును తీసెను. నల్లయడవి పిల్ల యని దాని కర్థము. సోన్యా ట్సీమన్, రుడాల్ఫ్ ప్రాక్ నాయికానాయకులు. యుద్ధానంతరము పశ్చిమ జర్మనీలో వచ్చిన తొలి వర్ణచిత్రమది. బాంబులు పడని అడవిపల్లె, ఎఱ్ఱని ఉన్నిబంతుల టోపీలు ధరించిన పడుచులు, పండుగ, పాటలు, ప్రేమ. ఇంతియే కథ. కూలిన గోడల నడుమ నివసించు జనులు లక్షలాదిగా పోయి చూచిరి. కష్టమును మఱపించుటే దాని పని. విమర్శకులు కొందఱు పిదప దానిని నిందించిరి. చేసిన పాపములను తలపోయవలసిన వేళ పూలను చూపినారనిరి. ఆ నిందలో సత్యము లేకపోలేదు.

సత్యమెట్టిదో ఆ చిత్రము పుట్టుకయే చెప్పును. దానికి మూలము 1917లో బెర్లినులో ప్రదర్శింపబడిన సంగీత నాటకము. స్వరకర్త లియోన్ యెస్సెల్. అతడు యూదుల యింట పుట్టి, యౌవనముననే క్రైస్తవమును స్వీకరించినవాడు. అతని పాటలను జర్మను జనులు తమ పాటలుగా పాడుకొనిరి. 1933లో హిట్లరు ప్రభుత్వము రాగా, ఆ ప్రభుత్వము అతని మతమును చూడలేదు, పాటను చూడలేదు, పుట్టుకను మాత్రమే చూచినది. అతని రచనలు నిషేధింపబడెను. 1941లో రహస్య రక్షకభటులు అతనిని నిర్బంధించి హింసించిరి. 1942 జనవరిలో అతడు మరణించెను. ఎనిమిదేండ్లు గడచిన పిదప అదే జనులు అతని పాటలనే విని ఊఱట చెందిరి. అతనిని తలంచినవారెందఱో!

ఈ వృత్తాంతము మిస్సమ్మకు పనికిమాలినది కాదు. మిస్సమ్మ ముగింపుకూడ పుట్టుకయొద్దకే చేరుచున్నది. మేనల్లుడు రాజు ఆరా తీసి, మేరీయే చిన్ననాడు తప్పిపోయిన మహాలక్ష్మి యని తేల్చును. క్రైస్తవ కన్య హిందూ కన్య యగును. చిక్కులన్నియు మంచువలె విడిపోవును. పెండ్లి జరుగును. అందఱును సంతోషింతురు. ప్రేక్షకుడును సంతోషించి యింటికి పోవును. అయితే దారిలో ఒక ప్రశ్న అతని వెంట నడచును. మేరీ మహాలక్ష్మి కాకపోయినచో? నిజముగా పాల్ దంపతుల కన్నకూతురే యైనచో? రావునకు ఆమెమీది ప్రేమ తగ్గునా? గోపాలము దంపతుల ఆదరము చల్లారునా? చిత్రము ఈ ప్రశ్నను కడదాక తీసికొనివచ్చి, గుమ్మమువద్ద వదలివేసినది.

దీనికొక సమాధానము చరిత్రలో కలదు. 1922లో ధీరేంద్రనాథ గంగూలీ అను వంగీయుడు హైదరాబాదు నగరమునకు వచ్చి లోటస్ ఫిలిం కంపెనీ స్థాపించి మూకీచిత్రములు తీసెను. 1924లో ‘రజియా బేగం’ అను చిత్రమును ప్రదర్శించెను. మహమ్మదీయ రాణి హిందువును ప్రేమించు కథ యది. నిజాము ప్రభుత్వము అతనిని సంస్థానము విడిచిపొమ్మనినది. ఒక నగరమున అట్టి కథను చూపినవాడు కట్టుబట్టలతో ఊరు విడువవలసివచ్చిన ముప్పదియేండ్లకు మిస్సమ్మ వచ్చినది. అందులో మేరీ కన్నెఱ్ఱజేయును, రావు ప్రేమించును, ఊరు ఊరంతయు ఆమెను ఆదరించును. చివర పుట్టుక అడ్డుపడి నిర్మాతలను కాపాడును. ముప్పదియేండ్లలో తెఱ అంతదూరము నడచినది. పూర్తిగా నడువలేదని నిందించుటకుముందు, నడచినదని మెచ్చుట ధర్మము.

అయినను భారతము చదివినవారికి సంతృప్తి కలుగదు. ఉద్యోగపర్వమున కర్ణుని ఘట్టము తలంపునకు వచ్చును. కుంతి వచ్చి నీవు నా కుమారుడవని చెప్పినది. అంతకుముందే శ్రీకృష్ణుడును చెప్పియుండెను. రాజ్యము చేతికందుచున్నది. అయినను కర్ణుడు పెంచిన రాధను, అధిరథుని విడువలేదు. జన్మచే కౌంతేయుడయ్యును రాధేయుడుగనే నిలిచెను. కన్నవారిని గౌరవించెను, పెంచినవారిని పోగొట్టుకొనలేదు. మేరీ పక్షమున అట్టి ఘట్టము విపులముగా వ్రాసియున్నచో చిత్రము ఇంకను ఉదాత్తమగుచుండెను. పేరు మహాలక్ష్మి యైన పిదపకూడ ఆమె నోట మేరీమాత ప్రార్థన మఱియొకసారి వినబడియున్నచో, మిస్సమ్మ అను సంధి సంపూర్ణమగుచుండెను. హాస్యచిత్రమునకు ఇంత బరువు తగదందురేమో. కాని ప్రార్థనాగీతమును అంత చక్కగా మోసిన చిత్రము ఈ బరువునుకూడ మోయగలిగెడిదే.

ఒక భేదము మాత్రము మఱువరాదు. జర్మనీలో పుట్టుకను వెదకినవాడు చంపుటకై వెదకెను. అప్పాపురమున వెదకినవాడు తప్పిపోయిన బిడ్డను తల్లికి చేర్చుటకై వెదకెను. పుట్టుక తెలియకముందే ఆ తల్లి ఆమెకు అన్నము పెట్టినది. ఆమె ఎవరి కూతురని అడిగి పెట్టలేదు. ఈ యొక్క విషయమే మిస్సమ్మను కాపాడుచున్నది. చివరి రీలులో తెలిసిన రహస్యముకంటె, మొదటి రీలులనుండి కనబడు ఆ దయయే చిత్రమునకు ప్రాణము. రహస్యము లేకున్నను ఆ దయ యున్నదని ప్రతి ప్రేక్షకునకును లోలోపల తెలియును. అందుచేతనే ముగింపు తప్పించుకొన్నదని తెలిసియు, చిత్రమును ప్రేమింపకుండలేరు.

నేడు సికింద్రాబాదున పాత చిత్రశాలలు పెక్కు మూతపడినవి. ప్యారడైజు అను పేరు విన్నవారికి బిరియానియే స్ఫురించును. అక్కడొక చిత్రశాల యుండెడిదని కొందఱు వృద్ధులకే తెలియును. రీళ్ల డబ్బాలు మోసిన జట్కాబండ్లు లేవు. ఆంగ్లో ఇండియను కుటుంబములు పెక్కు దేశాంతరములకు తరలిపోయినవి. మిస్సమ్మ అను పిలుపు సన్నగిల్లినది. అయితే పని దొరకక నగరమునకు పోవు యువకులు నేటికిని ఉన్నారు. అద్దెయిల్లు దొరకుటకు పేరు, ఊరు, కులము, మతము దాచుకొనువారు నేటికిని ఉన్నారు. వారి అజ్ఞాతవాసము విరాటపర్వములో వలె ఒక సంవత్సరముతో ముగియుట లేదు. తలుపు తట్టినవారిని ఎవరి బిడ్డవని అడుగకముందే లోనికి రమ్మను గోపాలములు ఎందఱున్నారో, అంతవఱకే మన గ్రామములును, పట్టణములును నవ్వుటకు అర్హములు.

గ్రంథాలయముకూడ అట్టి ఇల్లే. దీని తలుపు తెఱచి లోనికి వచ్చినవానిని పుస్తకములు కులమడుగవు, మతమడుగవు. తిక్కన భారతము పక్కనే బైబిలును, దాని పక్కనే ఖురానును ఒకే బీరువాలో కలహము లేక నిలిచియుండును. చందాదారుల పట్టికలో పేరు వ్రాయించుకొన్న వాడెవడైనను చదువరియే. ఇరువదియైదేండ్లు ఈ యిల్లు ఇట్లు నిలిచినందులకే ఈ ఉత్సవము.

సభవారికి విన్నపమొక్కటి. మిస్సమ్మను చూడనివారు చూతురు గాక. చూచినవారు, ఇంటికి పోవునపుడు విరాటపర్వమును తీసికొనిపోయి చదువుదురు గాక. విరాటపర్వము చదివినచో వానలు కురియునని మన పెద్దల నమ్మిక. వానలు కురియుట దైవాధీనము. మనసులు తడియుట మాత్రము నిశ్చయము.

స్వస్తి.